తలా ఒక ఆలస్యం

ఈ వారం కూడేరు వైపు, మా చేను పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. లైన్‌మన్ వచ్చి చూసి, కరెంటు రాగానే మోటారును తామే లేపే ఆటో స్టార్టర్లన్నీ పీకేయమన్నాడు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినోణ్ణి కదా, బోరు రైతులు నా వైపు తిరిగారు. "కరెంటు ఎప్పుడు పోతాదో ఎప్పుడొస్తాదో ఎవురికి తెలుసు సార్? రేత్రీ పగలూ పెట్టె కాడ కాసుకోని కూచోవాల్నా?" అని ఓ పెద్దాయన నిలదీశాడు.

ఆ క్షణాన నా మనసు లైన్‌మన్ పక్షమే. లెక్క అలాంటిది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగేది సుమారు 35 ఆంపియర్లు. 5 హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు లాగేది ఏడెనిమిది. లేచేటప్పుడు మాత్రం దాదాపు ఆరింతలు. నాలుగు మోటార్లు ఒక్కసారిగా లేస్తే వోల్టేజి కుంగుతుంది, మోటార్లు మూలుగుతూ వేగం అందుకోవు, ఆ భారం దిగదు.

కంట్రోల్ సిస్టమ్‌కు ఆలస్యమే విషమన్నది నా పాత పాట. తొట్టి నిండిందన్న కబురు నిమిషం ఆలస్యమైతే నిమిషం నీళ్లు నేలపాలు. వాల్వు ఆ పాత కబురు నమ్మి అతిగా తిరుగుతుంది, దిద్దుకోబోయి మళ్లీ అతిగా వెనక్కి తిరుగుతుంది. ఇక ఊగిసలాటే.

మరి ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లలాగే, ఒకే తీగ మీద పదిమంది కబుర్లు నడవాలంటే? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. వాటిలోనే కాదు, ఇప్పటి దాదాపు ప్రతి కారులోనూ బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపిన క్యాన్ బస్ అనే ఉమ్మడి తీగ ఉంటుంది. అందులో ప్రతి కబురుకూ ఒక నంబరు. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే చిన్న నంబరు కబురు చెక్కుచెదరకుండా సాగిపోతుంది. పెద్ద నంబరువాడు ఆగి, తీగ ఖాళీ అయ్యాక మళ్లీ మొదలుపెడతాడు. బ్రేకుకు చిన్న నంబరిస్తారు, కిటికీ అద్దానికి పెద్దది. ఒకే నంబరుతో ఇద్దరు మాట్లాడకూడదన్నది కట్టుబాటు. ఏ కబురు మహా అయితే ఎంతసేపు ఆగాల్సి వస్తుందో ముందే లెక్కగట్టడమే డిజైనర్ పని.

తొలినాటి ఈథర్‌నెట్‌ది ఇంకో దారి. 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ ఆలోచన అది. రెండు కబుర్లు ఢీకొంటే ఇద్దరూ ఆగి, ఎవరి పాచిక వాళ్లు వేసుకుని, పడిన అంకె మేరకు కాచుకునేవారు. మళ్లీ ఢీకొంటే పాచిక పరిధి రెట్టింపయ్యేది. బ్రేకును పాచికకు వదలలేం గానీ వేరుసెనగ చేనుకు నిమిషంన్నర తర్వాత నీళ్లు పారితే పోయేదేమీ లేదు.

అంటే నేను విషమన్న ఆలస్యమే ఇక్కడ మందు. తలా ఒక మోతాదు పడాలంతే. చాలా స్టార్టర్లలో ఆలస్యం సెట్టింగు ఇప్పటికే ఉంది. పెట్టెలోంచి తీసి బిగించినప్పుడు అందరివీ ఒకే అంకె మీద ఉంటే, అందరూ మర్యాదగా ఆగి, అందరూ కలిసే లేస్తారు.

పెద్దాయన స్టార్టర్ ఉండాల్సిందే. తయారుచేసేవాళ్లు సీరియల్ నంబరులోని చివరి రెండంకెలనే ఆలస్యం సెకన్లుగా పెట్టి పంపాలి. 07 పడినాయన ముందు లేస్తాడు, 93 పడినాయన నిమిషంన్నర ఆగుతాడు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద నాలుగు మోటార్లుంటే, ఏ రెండింటికైనా ఒకే అంకె పడేది వందకు సుమారు ఆరుసార్లు. అప్పుడు కూడా నాలుగూ కలిసి లేచినంత భారం పడదు.