ఇరవై సెకన్ల రాత్రి

అరకు ఫోటోలంటే ఒకప్పుడు మనకు తెలిసినవి రెండే రకాలు. థింసా ఆడుతున్న ఆడవాళ్ళ వరస ఒకటి, వలిసె పూల పసుపు ఇంకొకటి. ఈ పదిహేనేళ్ళలో మూడో రకం వచ్చి చేరింది. రాత్రి ఆకాశం. పైన పాలపుంత నిలువునా పారుతూ ఉంటుంది. కింద ఒక కొండ అంచు, ఒక పాత నిలువురాయి, లేదంటే గడ్డి కప్పిన ఒక ఇల్లు. రిసార్టుల గోడల మీద, కేలండర్ల మీద, అందరి ఫోన్లలో ఇవే. అందంగా లేవని ఎవరూ అనలేరు. హైదరాబాదులో ఇరవై చుక్కలు కూడా లెక్కపెట్టలేని నాలాంటి వాళ్ళకి ఆ ఆకాశం చూస్తే దిగులు కలిసిన సంతోషం కలుగుతుంది. కానీ వరసగా చూస్తూపోతే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ ఫోటోల్లో మనుషులు లేరు. ఉంటే గింటే నెత్తికి టార్చి కట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డ ఫోటోగ్రాఫరే ఉంటాడు. తన బొమ్మ తనే తీసుకున్నవాడు.

మొదటి రకం ఫోటోల గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఆదివాసీ స్త్రీ ఒంటిని, చీరకట్టుని, ముక్కు నత్తుల్ని పర్యాటకం సరుకుగా మార్చిన తీరు గురించి రాసుకున్నాం. 2012లో అండమాన్‌లో జారవా స్త్రీలను ఆడించిన వీడియో బయటపడ్డాక ఒడిశాలో బొండా స్త్రీల ఫోటోల మీద కూడా పెద్ద గొడవైంది. ఆ చర్చలన్నీ అవసరమైనవే. అయితే ఇన్నాళ్ళూ ఆమెను ఎగాదిగా చూసిన కెమెరా ఇప్పుడు ఆమె మీదనుంచి పూర్తిగా తప్పుకుని ఆకాశం వైపు తిరిగింది. ఇది మర్యాదగా తప్పుకోవడమా, లేక ఆమె అక్కడ ఉందన్న సంగతే మర్చిపోవడమా? ఈ వ్యాసంలో నేను తేల్చుకోవాలనుకున్నది ఇదే.

ఈ ఫోటోల వ్యాకరణం మన కొండల్లో పుట్టింది కాదు. అమెరికాలోని యూటా, ఆరిజోనా ఎడారుల్లో, ఈజిప్టు, జోర్డాన్ శిథిలాల దగ్గర అది రూపు కట్టింది. 2007లో యూటాలోని నేచురల్ బ్రిడ్జెస్ ప్రపంచంలో మొదటి 'చీకటి ఆకాశపు పార్కు'గా గుర్తింపు పొందింది. అదే ఏడాది ఇరానీ ఫోటోగ్రాఫరు బాబక్ తఫ్రేషి 'ది వరల్డ్ ఎట్ నైట్' అనే పని మొదలుపెట్టాడు. ప్రాచీన కట్టడాల మీద ఒకే ఆకాశం, కింద ఒకే మానవజాతి అన్నది దాని సారం. మంచి మాటే. కానీ దాని వెనక వచ్చిన వేలకు వేల ఫోటోలు ఆకాశాన్ని ఉంచుకుని మానవజాతిని వదిలేశాయి. ఎడారి ఖాళీగా ఉంటుంది కదా, అందులో తప్పేముంది అనొచ్చు. ఆ ఎడారీ ఖాళీ కాదు. యూటా రాళ్ళ మీది బొమ్మలు తమ పెద్దలవని చెప్పే హోపీలు, యూట్‌లు ఇప్పటికీ ఉన్నారు. ఇక ఎడారి కోసం కుట్టిన చొక్కాని అరకుకి తొడిగితే ఎలా ఉంటుంది? అడుగడుక్కీ ఊరు, పోడు, సంత ఉన్న చోటది.

ఖాళీతనం ఎలా తయారవుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. పాలపుంత కెమెరాకి దొరకాలంటే వెడల్పాటి లెన్సు పెట్టి, ఐఎస్ఓ 3200 దాకా పెంచి, షట్టరు 15 నుంచి 25 సెకన్లు తెరిచి ఉంచాలి. అంతకు మించితే భూమి తిరగడం వల్ల చుక్కలు గీతలుగా సాగుతాయి. ఆ ఇరవై సెకన్లలో ఎవరైనా ఫ్రేములోంచి నడిచి వెళ్ళారనుకోండి. చీకట్లో నడిచే మనిషి ఏ ఒక్క చోటా నిలవదు కాబట్టి ఫోటోలో ఆనవాలు కూడా మిగలదు. చేతిలో టార్చి ఉంటే మనిషి పడదు గాని వెలుతురు గీత పడుతుంది. దాన్ని తర్వాత కంప్యూటర్లో తుడిచేస్తారు. ఈ పని నేర్పేవాళ్ళ భాషలో దానిపేరు కాంతి కాలుష్యం. నగరం మీద ఎగజిమ్మే లక్షల దీపాలదీ అదే పేరు, అడవి దారిలో పోయే ఒక్క టార్చిదీ అదే పేరు!

ఇంకో తమాషా ఉంది. పాలపుంత నడిబొడ్డు ధనుస్సు రాశి వైపు ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు కూడా అటే ఉంటాడు. అందుకే డిసెంబరు రాత్రుల్లో ఆ మెరిసే నడిబొడ్డు కనపడదు. లంబసింగి, వంజంగి కొండల మీద మంచు సముద్రంలా పరుచుకునేదీ, పర్యాటకులు విరగబడేదీ సరిగ్గా అప్పుడే. మరి మంచు సముద్రం మీద పాలపుంత నడిబొడ్డు వెలుగుతున్న ఫోటోలు ఎక్కడివి? రెండు వేర్వేరు రాత్రుల్ని కలిపి అతికించినవి. అతకడం నాకు అభ్యంతరం కాదు, కళలో అతుకులు కొత్తవా? ప్రకృతిని ఉన్నదున్నట్టు చూపిస్తున్నామనే బడాయి మాత్రం ఒప్పుకోలేను. ఇది కోరి తయారుచేసుకున్న రాత్రి. అందులో ఎవరుండాలో ఎవరుండకూడదో కూడా కోరి నిర్ణయించుకున్నదే.

ఇప్పుడు ఆ రాళ్ళ సంగతి. అరకు దాటి కోరాపుట్ జిల్లా గదబ ఊళ్ళలోకి వెళ్తే ఊరి మధ్య రాతి పలకలు పరిచిన చోటు ఉంటుంది. సదర్ అంటారు. ఊరి పెద్దలు కూర్చునేదీ, చనిపోయినవాళ్ళు గుర్తుండేదీ అక్కడే. గదబలు పెద్దకర్మ చేసి చనిపోయినవాళ్ళ పేర రాళ్ళు నిలపడం గురించి హైమెండార్ఫ్ 1943లోనే రాశాడు. ఇంకా ఉత్తరాన సవరలు కూడా చనిపోయినవాళ్ళ కోసం రాయి పాతుతారు. 1970ల నుంచి వాళ్ళ మధ్య ఉండి రాసిన పియర్స్ విటెబ్స్కీ పుస్తకాలు చదివితే మనకు బాగా పట్టే విషయం ఒకటుంది. చనిపోయినవాళ్ళను పిలిచి మాట్లాడించేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. ఆమె ఒంటిమీదకి వచ్చి పోయినవాళ్ళు మాట్లాడతారు, బతికున్నవాళ్ళు వాళ్ళతో వాదిస్తారు, తిడతారు, ఏడుస్తారు, రాజీపడతారు. హఠాత్తుగా, దారుణంగా చనిపోయినవాళ్ళు సూర్యుడిలో కలుస్తారని కూడా వాళ్ళ నమ్మకం. అంటే వాళ్ళకి ఆకాశం తమవాళ్ళున్న చోటు. కొత్త తరంలో చాలామంది క్రైస్తవంలోకి వెళ్ళి ఈ ఆచారాన్ని వదిలేశారని 2017 పుస్తకంలో ఆయనే రాశాడు. వదిలేసినా ఆ రాయి కింద ఎవరి తాత, ఎవరి పెద్దమ్మ అన్న లెక్క ఊరికి తెలుసు. ఇలాంటి రాయి పక్కన టార్చి వేసి, పాలపుంత కింద నిలబెట్టి 'ప్రాచీన శిథిలం' అని పేరు పెడితే, బతికున్న కుటుంబాన్ని చరిత్రపూర్వ యుగంలోకి తోసేసినట్టే.

సవర బొమ్మల విషయంలోనూ ఇదే జరిగింది. ఇడితాల్ అని పిలిచే ఈ బొమ్మల్ని వెరియర్ ఎల్విన్ 1951లో అచ్చువేసిన 'ది ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా'తో బయటి ప్రపంచానికి చూపించాడు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు. సూర్యుడు, చంద్రుడు, ఏనుగులు, జనం వరసలు, ఆఖరికి సైకిళ్ళు, విమానాలు కూడా. ఇవి ఇంటి లోపలి గోడమీద ఉంటాయి, కిటికీ లేని ఇంట్లో. జబ్బు తగ్గాలని, పంట పండాలని, కాన్పు సుఖంగా కావాలని, చనిపోయినవాళ్ళకి చోటు కట్టివ్వాలని వేసేవి. ఆ సూర్యచంద్రులు చీకట్లో ఉండటానికే పుట్టారు. వాటిని మనం గ్యాలరీ దీపాల కింద చూస్తాం, కాగితాల మీద, చీరల మీద కొనుక్కుంటాం. కొనడం తప్పని నేననను, దానితో నాలుగు మెతుకులు తినే కుటుంబాలున్నాయి. కానీ ఒక ఇంటి చీకటిని మరొక ఇంటి అలంకారంగా మార్చేటప్పుడు ఎవరి కాన్పు కోసం, ఎవరి చావు కోసం అది వేశారో అడిగే అలవాటు మనకు లేదు.

ఆకాశానికీ రాతికీ నిజంగానే ముడి ఉన్న చోటు చూడాలంటే ఈ కొండలు దిగి, తెలంగాణకి పడమటి అంచున కృష్ణ ఒడ్డుకి వెళ్ళాలి. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు మూడు వేల ఏళ్ళకు పైబడినవని పరిశోధకులు చెప్తారు. ఒక రాతిమీద చెక్కిన చిన్న చిన్న గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని ప్రొఫెసర్ కె.పి.రావు గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ముడుమాల్ చేరింది. ఆ గుంటలు చెక్కినవాళ్ళని వార్తలన్నీ 'ఆనాటి శాస్త్రవేత్త', 'ప్రాచీన మానవుడు' అని పుంలింగంలోనే రాశాయి. ఎందుకని? రాత్రి బిడ్డకి పాలిస్తూ మేలుకున్నదీ, తెల్లవారుజామున ముందు లేచేదీ ఎవరు? పిల్లలకోడి ఎక్కడికి వచ్చింది, గొల్లకావడి వాలిందా, వేగుచుక్క పొడిచిందా అని చూసి పొద్దు లెక్క చెప్పిన అమ్మమ్మలు మన ఇళ్ళలో నిన్నమొన్నటిదాకా ఉన్నారు. వాళ్ళది ఖగోళ జ్ఞానమని ఎవరూ అనలేదు. మనకి ఆకాశంలో చూపించింది ఒక్క అరుంధతినే, అదీ పట్టపగలు పెళ్ళిపీటల మీద!

తిరిగి కొండల్లోకి వద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో పాలపుంత నడిబొడ్డు అర్ధరాత్రి దాటాక లేచి తెల్లవారేదాకా ఉంటుంది. ఫోటోగ్రాఫర్లకి అది పండగ. ఇప్పపూలు రాలేదీ సరిగ్గా ఆ నెలల్లోనే, ఆ వేళల్లోనే. పశువులూ ఎలుగుబంట్లూ వచ్చేలోపు ఏరుకోవాలని ఆడవాళ్ళు, పిల్లలు చీకటితోనే బుట్టలు తీసుకుని చెట్ల కిందకి చేరతారు. సంతకి పోయేవాళ్ళు నెత్తిన మూటలతో ఆ వేళకే నడక మొదలుపెడతారు. రోడ్డు లేని ఊళ్ళ నుంచి నొప్పులు పడుతున్న గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చిన వార్తలు ఈ ఏళ్ళలో కూడా చదువుతూనే ఉన్నాం. ఆ డోలీ ఇరవై సెకన్ల ఫ్రేములోంచి వెళ్తే ఏం పడుతుంది? ముందు నడిచేవాడి టార్చి గీత ఒక్కటి. దాన్ని తుడిచాక మిగిలేది నిర్మలమైన ఆకాశం.

అసలు చీకటిని అందరూ ఒకే రకంగా చూడరు. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున జి.మాడుగుల మండలం వాకపల్లికి గాలింపు కోసం వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. పదిహేనేళ్ళు దాటి నడిచిన ఆ కేసులో 2023 ఏప్రిల్ 6న విశాఖ కోర్టు 13 మంది పోలీసుల్ని నిర్దోషులని వదిలింది. దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని చెప్తూ ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమని కూడా అదే తీర్పులో చెప్పింది. ఇప్పుడు వాకపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, వంజంగి ఉన్న జిల్లాలోనే. బయటి మనుషులు వేకువ చీకట్లో తమ కొండ ఎక్కుతుంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకి ఏమనిపిస్తుందో, ట్రైపాడ్ భుజాన వేసుకున్నవాళ్ళు ఒక్కసారైనా అనుకుని ఉంటారా?

ఇదంతా నా స్నేహితురాలితో అన్నాను. ఆమె రాత్రి ఆకాశం ఫోటోలు తీస్తుంది. ఆమె జవాబు నన్ను ఆలోచనలో పడేసింది. "అక్కా, ఫ్రేములో మనిషి లేకపోవడమే నాకు కావాలి. చీకట్లో మనిషి కనిపిస్తే నాకు గుండె దడ. ఖాళీగా ఉందంటేనే ఇంకో అరగంట నిలబడగలను" అంది. నిజమే. రాత్రి మాకూ కావాలని వీధుల్లో నినాదాలిచ్చిన తరం మాది. మగ ఫోటోగ్రాఫరుకి ఖాళీ ఒక సౌందర్యం, ఆమెకి ఖాళీ అంటే రక్షణ. రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి. ఈ రకం ఫోటోలను అంచనా వేసేటప్పుడు ఇది నన్ను ఇబ్బంది పెడుతూనే ఉంది. అయినా ఆమె భయానికి కారణమైనది ఇప్పపూలు ఏరుకునే మనిషి కాదు కదా అన్నాను. ఆమె ఒప్పుకుంది, పూర్తిగా కాదు.

జ్యోతి భట్ ఫోటోలు ఆమెకి చూపించాను. 1960ల చివరినుంచి ఆయన పల్లెల్లో, ఆదివాసీ ఊళ్ళలో గోడల మీద, ముంగిళ్ళలో వేసిన బొమ్మల్ని ఫోటోలు తీశాడు. వాటిలో చాలాచోట్ల బొమ్మ పక్కనే దాన్ని వేసిన స్త్రీ ఉంటుంది, కొన్నిసార్లు బిడ్డనెత్తుకుని. గోడని కళగా, ఆమెని నేపథ్యంగా విడదీయలేం. పగటి వెలుతురులో అది సులువు, రాత్రి ఎలా అని స్నేహితురాలు అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆమే వెతుక్కుంది. ఏప్రిల్‌లో పాడేరు వైపు వెళ్ళి, ముందురోజు సాయంత్రమే ఊళ్ళో చెప్పి, వద్దన్నవాళ్ళ వైపు కెమెరా తిప్పకుండా కొన్ని ఫోటోలు తీసింది. ఒకదాంట్లో ఇప్పచెట్టు కింద టార్చీలు నేలమీద పెట్టి ఉన్నాయి, పసుపు మడుగుల్లా. వంగి ఏరుతున్న ఇద్దరు పెద్దగా కదలనందుకు మసగ్గా పడ్డారు, ఒకామెకి మూడు చేతులున్నట్టు. కుడివైపు నుంచి ఒక వంకర గీత వచ్చి చెట్టు దగ్గర ఆగింది. పాలపుంత పైన ఉంది గాని టార్చీల వెలుగుకి కాస్త వెలవెలబోయింది. నేర్పేవాళ్ళ లెక్కలో చెడిపోయిన ఫోటో. మే నెలలో ప్రింటు తీసుకెళ్ళి ఆ ఊళ్ళో ఇచ్చిందట. ఆకాశం వైపు ముందు ఎవరూ చూడలేదట. ఆ వంకర గీత ఎవరి టార్చిదో, ఆమె అంత ఆలస్యంగా ఎందుకొచ్చిందో చెప్పుకుని చాలాసేపు నవ్వుకున్నారట.