పరీక్ష తప్పిన వెంకటేశం

విజయనగరంలో బొంకులదిబ్బ మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు గిరీశం కన్నా ముందు వెంకటేశమే గుర్తొస్తాడు. గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ అనగానే అందరూ గిరీశం మాటలూ, మధురవాణి తెలివీ చెప్పుకుంటారు. కానీ కథకు దారి తీసింది పరీక్ష తప్పి, ఇంటికెళ్లడానికి జంకుతున్న ఒక గుంటడి భయం. ఊళ్లో అప్పులపాలై ఎటైనా జారుకోవాలని చూస్తున్న గిరీశం ఆ భయాన్నే పట్టుకున్నాడు. సెలవుల్లో చదువు చెప్తాననే మిషతో వెంకటేశం ఊరు కృష్ణరాయపురం అగ్రహారం చేరాడు. వెంకటేశం అక్క బుచ్చమ్మ కథంతా ఆ తరవాతే.

ఇంత చిన్న పాత్ర మీద అంత బరువు మోపడం గురజాడ పనితనం. ఆయన విజయనగరం మహారాజా కళాశాలలోనే చదువుకుని, అక్కడే పాఠాలు చెప్పారు. నాటకాన్ని 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చువేశారు. 1909 నాటికి ఆయన దాన్ని దాదాపు తిరగరాశారు. ఇవాళ మనం చదువుతున్నది ఆ రెండో కూర్పే.

వెంకటేశం మొద్దబ్బాయి కాడు. గురువుగారు గిరీశం దగ్గర తనకు వచ్చిందల్లా చుట్ట కాల్చడమేనని ఆయన మొహం మీదే అనేస్తాడు. ఎంత సూటి లెక్క! ఇంత గ్రహింపున్న పిల్లాడికి పాఠం ఎందుకు ఎక్కలేదు? గురజాడ ఉపన్యాసం ఇవ్వరు, ఆ ఇల్లు చూపిస్తారు. తండ్రి అగ్నిహోత్రావధాన్లకి పేరులోనే నిప్పుంది. ఇంగ్లీషు చదువు ఖర్చు మాటెత్తితే భగ్గుమంటాడు. తల్లి వెంకమ్మ కొడుకుని వెనకేసుకొస్తుంది. ఆ కోపానికీ ఈ గారానికీ మధ్య పెరిగిన పిల్లాడికి అబద్ధమే దగ్గరి దారి. చెయ్యిపట్టి నడిపించడానికి దొరికినవాడేమో అబద్ధాల్లో ఆరితేరిన గిరీశం.

నాకు మరీ ఇష్టమైన ఘట్టం ఒకటుంది. కొడుకూ గురువుగారూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. ఇద్దరూ నోటికొచ్చిన ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. తల్లి మురిసిపోతుంది. మేనమామ కరటకశాస్త్రి అక్కడితో ఊరుకోడు, తెలుగు పద్యం చదవమంటాడు. వెంకటేశం చదువుతాడు. అర్థం చెప్పమనేసరికి కుర్రాడు తెల్లమొహం వేస్తాడు, గిరీశం అడ్డుపడతాడు. ఆ చోట ప్రేక్షకులు విరగబడి నవ్వుతారు. నాకు మాత్రం ఆ క్షణం పిల్లాడి మొహమే కనిపిస్తుంది. నటుడు మంచివాడైతే, అప్పుడు వెంకటేశం కళ్లు గిరీశం వైపే తిరుగుతాయి.