గుమ్మడికాయ తేలింది, చింతగింజ మునిగింది

"కిలో ఇనుము బరువా, కిలో దూది బరువా?" చిన్నప్పుడు ఈ ప్రశ్నకు బోల్తా పడనివాళ్లు మనలో తక్కువ. ఇనుమే అనేసి నాలుక కరుచుకున్నాం. పెద్దవాళ్లు నవ్వి ఊరుకున్నారు. ఎందుకు బోల్తా పడ్డామో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇనుము బరువు అన్నప్పుడు మన మనసులో ఉన్నది నిజానికి బరువు కాదు, ఇంకొకటి. దానికి మాట దొరక్క బరువు అనేశాం. ఆ ఇంకొకదాన్ని పన్నెండేళ్ల పిల్లల చేతికి చిక్కించడం ఒక విద్య. అందులో చేయి తిరిగిన మాస్టార్లను కొందరిని చూశాను. వాళ్ల సంగతి మొదలుపెడితే నాకు ఆపడం చేతకాదు. ముందే చెబుతున్నాను.

కృష్ణా జిల్లాలో ఓ జిల్లా పరిషత్ హైస్కూలు. ఏడో తరగతి. బల్ల మీద నీళ్ల టబ్బు. పక్కన మేకు, కొవ్వొత్తి, చింతగింజ, బంగాళదుంప, అగ్గిపుల్ల, సీసా మూత, మధ్యాహ్న భోజనం వంటగది నుంచి అడిగి తెచ్చిన గుమ్మడికాయ. మాస్టారు ఏదీ నీళ్లలో వేయలేదు. ఏది మునుగుతుందో, ఏది తేలుతుందో ముందు రాయమన్నారు. అదీ పెన్నుతోనే. పెన్సిల్ వాడితే చెరిపేస్తారని ఆయన భయం. ఒకడు అలవాటు కొద్దీ రబ్బరు తీశాడు. "ఇలా ఇవ్వరా, దీన్నీ చూద్దాం" అని దాన్ని కూడా బల్ల మీది సరుకులో కలిపేశారు.

రాయించడం అయ్యాక ఒక్కొక్కటే వేయించారు. చింతగింజ బుడుంగున మునిగింది. ఇద్దరు ముగ్గురు మోయాల్సిన గుమ్మడికాయ టబ్బులో దర్జాగా తేలింది. క్లాసంతా గోల. బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి అని పెన్నుతో రాసుకున్న సిద్ధాంతం ఎదుటే తడిసిపోయింది. అప్పుడు మాస్టారు చేసిన ఘనకార్యం ఏమిటంటే, నోరు మూసుకోవడం. తెలిసిన జవాబును నాలుక చివర పెట్టుకుని రెండు పీరియడ్లు మింగి కూర్చోవడం ఎంత కష్టమో పాఠం చెప్పినవాళ్లకే తెలుస్తుంది. సంగీత విద్వాంసుడు ఆరోహణలో ఒక స్వరాన్ని ఊరించి ఊరించి ఆపినట్టు ఆయన సాంద్రత అనే మాటను నాలుగో రోజు దాకా ఆపారు.

ఆ మాటతో మనకు ఇంకో చిక్కుంది. సాంద్రత అంటే చిక్కదనం అని పిల్లలకు అర్థం చెబుతాం. చిక్కన అంటే వాళ్లకు తెలిసింది మజ్జిగ, పప్పుచారు. అందుకే ఈ మాస్టారు ఓ గ్లాసు నీళ్లు, ఓ చిన్న గిన్నెలో ఆముదం తెచ్చి పెట్టారు. ఆముదం కంటే చిక్కటిది ఇంట్లో ఏముంటుంది? మునుగుతుందని అందరూ రాశారు. పోస్తే నీటి మీద తేలి కూర్చుంది. జారకపోవడం వేరు, లోపల పదార్థం ఇరుక్కుని ఉండటం వేరు అని ఆ గ్లాసు చూశాక ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకు ఈ ఆముదం గ్లాసు ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత కొలతలు. కొలజాడీలో నీళ్లు, కిరాణా కొట్టు నుంచి అరువు తెచ్చిన ఎలక్ట్రానిక్ కాటా. నీటి మట్టం చూసేటప్పుడు కన్ను మట్టానికి సమంగా ఉండాలి, నెలవంకలా వంగిన ఆ అంచు అడుగును చదవాలి. మేకులకు బుడగలు అంటుకుంటే తట్టి వదిలించాలి. 39 గ్రాముల మేకులు వేస్తే నీళ్లు 5 సీసీలు లేచాయి. 78 గ్రాములు వేస్తే 10. అందరికీ ఇంత ముచ్చటగా రాదు. ఒకరికి సీసీకి 7.2, ఇంకొకరికి 8.3 వస్తుంది. రానివ్వాలి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా సీసీలు, నిలువుగా గ్రాములు వేసి చుక్కలు పెట్టిస్తే మేకుల చుక్కలన్నీ సున్నా నుంచి నిటారుగా లేచే ఒకే గీత చుట్టూ చేరతాయి. నాలుగు మేకులైనా నలభై మేకులైనా గీత మారదు. కొవ్వొత్తిది బాగా వాలిన గీత. నీళ్లను కూడా తూచి గీత గీయిస్తే, దానికి పైన ఉన్నవన్నీ మునిగినవి, కింద ఉన్నవన్నీ తేలినవి. ఈ గీతలు చూసి ఒక పిల్ల "మేకులన్నిటిదీ ఒకే ఇంటిపేరు సార్" అంది. ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. నన్నడిగితే ఆ వారమంతటికీ అదే పండగ. ఒక జట్టు కొవ్వొత్తి ముక్కను జాడీలో వేసి, తేలుతుండగానే మట్టం చదివేసింది. 18 గ్రాముల ముక్కకు నీళ్లు 18 సీసీలు లేచాయి. సీసీకి సరిగ్గా 1 గ్రాము. పక్క జట్టు సూదితో ముక్కను పూర్తిగా ముంచి చదివితే 20 సీసీలు, అంటే 0.9. ఎవరిది తప్పు? ఇంకెవరైనా అయితే మొదటి జట్టును కసిరి ముంచమనేవారు. ఈయన వాళ్ల చేతికి ఓ చెక్కముక్క ఇచ్చి అలాగే తేలుతుండగా చదవమన్నారు. దానికీ 1. సీసా మూతను పడవలా తేలనిచ్చి చదివారు. దానికీ 1. తేలే ప్రతిదీ తన బరువంత నీటినే పక్కకు నెడుతోంది! ఆర్కిమెడిస్ చెప్పిందాన్ని ఏడో తరగతి వెనక బెంచీ తప్పు లెక్కలో పట్టుకుంది. ఆయన మొహంలో ఆనందం చూడాలి. అయినా "మంచిది, రాసుకోండి" అన్నారంతే.

ఆర్కిమెడిస్ కథ తెలిసిందే: కిరీటం బంగారంలో వెండి కలిపిన కంసాలి, స్నానాల తొట్టి, వీధిలో పరుగు. ఆయన పోయాక దాదాపు రెండు వందల ఏళ్లకు విట్రూవియస్ అనే రోమన్ రాసిపెట్టిన ముచ్చట అది. పొంగిన నీళ్లతో దొంగను పట్టుకోవడం గెలీలియోకు నచ్చలేదు. 1586లో, ఇరవై రెండేళ్ల వయసులో, వస్తువును నీటిలో వేలాడదీసి తూచే చిన్న త్రాసు గురించి ఆయన ఓ వ్యాసం రాశాడు. ఆయన అనుమానం సబబే. కిలో బంగారం 52 సీసీలు. అందులో మూడో వంతు కంటే కాస్త తక్కువగా, 300 గ్రాముల వెండి కలిపితే 65 సీసీలు. తేడా 13. కిరీటం పట్టేలా 20 సెంటీమీటర్ల వెడల్పు గిన్నె తీసుకుంటే మట్టంలో తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు. కంటితో ఎలా పడతాం? ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలతో చేయిస్తే కథలను ఎలా తడిమి చూడాలో కూడా నేర్చుకుంటారు.

మన దేశంలో ఈ విద్యకు ఘరానా ఏదైనా ఉందంటే అది హోషంగాబాద్. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 16 మిడిల్ స్కూళ్లతో ప్రయోగాల ద్వారా సైన్స్ నేర్పే కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థలు పూనుకున్నాయి. యూనివర్సిటీల శాస్త్రవేత్తలు వచ్చి పల్లెటూరి టీచర్ల పక్కన నేల మీద కూర్చున్నారు. 1978కి జిల్లా అంతటా పాకింది. 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ దాన్ని భుజాన వేసుకుంది. పరీక్షకు పుస్తకం తీసుకెళ్లనిచ్చేవారు. ప్రయోగం చేసి చూపించడం కూడా పరీక్షగానే ఉండేది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి టెల్కోలో ఇంజనీరుగా ఉన్న అరవింద్ గుప్తా సెలవు పెట్టి అక్కడికే వెళ్లి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టించే పద్ధతి కనిపెట్టారు. ఆయన పుస్తకాలను మంచి పుస్తకం ప్రచురణ సంస్థ వాళ్లు తెలుగులో తెచ్చారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. హోషంగాబాద్ కార్యక్రమాన్ని మాత్రం 2002లో ప్రభుత్వం ఆపేసింది. ముప్ఫై ఏళ్ల సాధన! ఒక గురుపరంపర తెగిపోతే మనం సభలు పెట్టి బాధపడతాం. ఇది తెగినప్పుడు మన పత్రికల్లో ఎంతమంది రాశారు?

దాని జాగాలో ఇప్పుడు వచ్చిందేమిటి? ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. డి ఈజ్ ఈక్వల్ టు ఎం బై వి, కింద నలభై బిట్లు. బిట్లన్నీ సరిగ్గా పెట్టిన మా బంధువుల అబ్బాయిని స్టీలు గిన్నె తేలుతుందా, స్టీలు చెంచా తేలుతుందా అని అడిగితే "ఆ చాప్టర్ ఇంకా అవలేదు మావయ్యా" అన్నాడు. వాడి తప్పు కాదు. వాడి బడిలో కొలజాడీలు బీరువాలో ఉన్నాయి, బీరువాకు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. గోడ మీద పెద్ద తెర మాత్రం వెలుగుతూ ఉంటుంది. అందులో ఏడు రంగుల ద్రవాలు ఒకదాని మీద ఒకటి నిలబడతాయి, వెనక సంగీతం, పిల్లలు చప్పట్లు. ఒక్క పిల్లవాడి చేయి తడవలేదు, ఒక్కడి అంచనా తప్పలేదు. అంచనా తప్పని చోట నేర్చుకోవడానికి ఏముంటుంది? ఇక సైన్స్ ఫెయిర్ వస్తే స్టేషనరీ కొట్లో థర్మోకోల్ మోడల్ కొని, తండ్రి రాసిచ్చిన ఉపన్యాసం బట్టీ పట్టించి నిలబెడతాం. ఇది రోల్డుగోల్డు చదువు. దీన్ని నీటిలో తూచే త్రాసు ఇంకా రాలేదు.

కోపం వచ్చిన మాట నిజమే. నేను బడి బల్ల పక్షం, తెర పక్షం కాదు. ప్రధానోపాధ్యాయులకు ఒక్క విన్నపం: ఆ బీరువా తాళం పగలగొట్టించండి. పగిలిన జాడీకి టీచరు జీతం నుంచి రికవరీ ఉండదని రాతపూర్వకంగా ఇవ్వండి. నా అనుమానం, సగం తాళాలు ఆ భయంతో వేసినవే.

మళ్లీ మా మాస్టారి దగ్గరికి. చివరి రోజు ఆయన చేసిన పని కళ్లముందే ఉంది. గాజు జాడీ సగం దాకా చిక్కటి ఉప్పునీరు. దాని మీద చెంచా బోర్లించి, దారంలా జారేటట్టు మంచినీళ్లు పోశారు. చెయ్యి ఒణకలేదు. తర్వాత కోడిగుడ్డును మెల్లగా వదిలారు. మంచినీళ్లలో మునుగుతూ వచ్చి ఉప్పునీటి మీద ఆగిపోయింది. జాడీ నడుమ, దేనికీ ఆనకుండా. లోపల రెండు రకాల నీళ్లున్నాయని చూసేవాడికి తెలియదు. మాస్టారు దాన్ని కిటికీలో పెట్టి, ఏమీ చెప్పకుండా హాజరు పుస్తకం తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున కూడా గుడ్డు అక్కడే ఉందట.

గుడ్డు చూసి ఒక అమ్మాయి లేచింది. వాళ్ల తాత విత్తనం వడ్లు ఉప్పునీళ్లలో పోస్తాడని, తాలు గింజలు తేలితే తీసి పారేసి, మునిగిన వాటిని మంచినీళ్లతో కడిగి నారుకు వాడతాడని, ఉప్పు సరిపోయిందో లేదో గుడ్డు తేలడం చూసి చెబుతాడని. మాస్టారు ఆమెకు రీఫిల్ అడుగున కాస్త బరువు పెట్టి లాక్టోమీటరులా చేసిన పుల్ల ఇచ్చి, తాతగారి నీళ్లలో ఎక్కడిదాకా మునుగుతుందో గుర్తు పెట్టుకు రమ్మన్నారు. వారం తర్వాత వచ్చింది, పుల్ల మీద ఎర్ర సిరా గీతతో.

"తాతకు చెప్పాను సార్, ఇక గుడ్డు అక్కర్లేదు, ఈ గీత దాకా తేలితే చాలని."

"ఏమన్నారు?"

"గీతను అట్టు వేసుకుని తినలేం గదే, నాకు గుడ్డే ఉండనీ అన్నాడు."