ఇంటిపేరు మార్చుకున్న ఇల్లు

అరిజోనా, న్యూ మెక్సికో ఎడారుల్లో ఇళ్లమ్మేవాళ్లకి 'స్పానిష్' చాలా ఇష్టమైన మాట. తెల్లగోడ, ఎర్రపెంకు, కమాను, నీళ్ల ఫౌంటెన్ ఉన్న నడివాకిలి. బాగానే ఉంటాయి. నా పేచీ అందంతో కాదు, ఆ పేరుతో.

మాటల్నే అడుగుదాం. అక్కడ పచ్చి ఇటుక 'అడోబ్'. అరబ్బీ 'అత్-తూబ్' అది. రంగుల పలక 'అసులేహో', అంటే 'అజ్-జులైజ్'. మిద్దె 'అసొతేయా'. దాని వేరు మనం ఉర్దూలో 'సతహ్' అనేదే. పడకగది 'అల్కోబా', మన 'ఖుబ్బా'. 1492లో గ్రనడా పడింది. 1609 నుంచి మొరిస్కోల్ని, అంటే బలవంతపు బాప్తిస్మం పొందిన ముస్లింల సంతతిని, ఓడలెక్కించి తరిమారు. మనుషుల్ని గెంటి మాటల్ని మాత్రం ఇంట్లో పెట్టుకున్నారు. అవే మెక్సికో మీదుగా ఈ ఎడారికొచ్చాయి. ఇప్పుడు వాటి ఇంటిపేరు స్పానిష్!

అట్లాగని అంతా మాదేనని జబ్బలు చరుచుకుంటే మనమూ అదే దొంగతనం చేసినట్టు. స్పెయిన్ వాడు రాకముందే ప్యూబ్లో ఆదివాసులు మట్టిని ముద్దలుగా పేర్చి అంతస్తుల ఇళ్లు కట్టుకున్నారు. వాడు తెచ్చింది ఇటుక అచ్చు. నడివాకిలి కూడా ఇస్లాంకన్నా పాతది, రోమన్లకీ ఉంది.

1915 శాన్ డియాగో ఎగ్జిబిషన్ తర్వాత ఈ స్టైల్‌కి గిరాకీ పెరిగింది. కట్టడం మీద మోజే గాని అందులో ఉండే మెక్సికన్ మీద కాదు. టూసాన్ నగరం చూడండి. 1920ల చివర కట్టిన కోర్టు మీద రంగుపలకల గుమ్మటం ఊరికే గర్వకారణం. అదే ఊళ్లో 1960ల చివర పట్టణ పునర్నిర్మాణం పేరుతో మెక్సికన్ల పాతబస్తీని బుల్డోజర్లతో కూల్చి కన్వెన్షన్ సెంటర్ కట్టారు. పోయినవాటిలో చాలా నిజమైన అడోబ్ ఇళ్లు! మిగిలిన కాసిని ఇళ్లనీ తర్వాత డబ్బున్నోళ్లు కొనుక్కున్నారు.

ఇక కొత్త కాలనీల 'స్పానిష్' ఇల్లు చాలావరకు కర్రచట్రం మీద పూసిన సిమెంటు. అడోబ్ గోడ మందం పగటి వేడిని పట్టి రాత్రికి వదుల్తుంది. దీనికా మందం లేదు. ఆ పని ఏసీ చేస్తుంది. కమాను ఉత్త వేషం.

ఆ మట్టి మర్యాద తెలిసిన పని ఒకటుంది. 1980-81ల్లో ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ, న్యూబియా మేస్త్రీలతో న్యూ మెక్సికోలోని అబికియూకి వచ్చి పచ్చి ఇటుకల మసీదు కట్టాడు. గుమ్మటాలకి కర్ర ఆసరా లేదు. బీదల ఇంటికోసం బతుకంతా మట్టిని నమ్మిన మనిషి. అక్కడ ఒక ముస్లిం ఊరే కట్టాలనుకున్నారు. మసీదు, మదర్సా దగ్గరే ఆగిపోయింది. చేతిపని కూలీ ఎక్కువైన ఆ దేశంలో అడోబ్ ఇప్పుడు బీదవాడికి అందే ఇల్లు కాదు.