చూడు, ముట్టుకోకు

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మనవాళ్ళు ఏనాడో తేల్చేశారు. అవదు, రెండూ వేర్వేరు జంతువులు. అయినా మా అమ్మాయి డాలస్ నుంచి ఫోన్ చేసి, పిల్లాడు పుట్టినరోజు డబ్బులన్నీ పెట్టి ఊసరవెల్లి పిల్లని కొన్నాడని చెప్పగానే నాకు ఆ సామెతే తట్టింది. డాలర్లు పోసి తొండని కొనడమేమిటని వారమంతా సణుగుతూనే ఉన్నాను.

నా పాత పంతం ఈ కాలమ్ చదివేవారికి తెలిసిందే. పంజరంలో చిలకని చూస్తే నాకు అన్నం సహించదు. చిలక జోస్యం మీద రాసినప్పుడు వచ్చిన తిట్ల ఉత్తరాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. అంచేత వీడియోలో మనవణ్ణి నిలదీశాను, "దాన్ని వదిలెయ్యరా, ఏ చెట్టో ఎక్కి బతుకుతుంది" అని.

"ఇది యెమెన్ వైపు జాతి తాతయ్యా. ఇక్కడ వదిలితే చలికి చచ్చిపోతుంది. ఫ్లోరిడాలో జనం వదిలేసినవి అక్కడే గుడ్లు పెట్టి పెరిగిపోయాయి, అది ఇంకో గొడవ."

పదమూడేళ్ళవాడి దగ్గర ఇంత జవాబు ఉంటుందనుకోలేదు.

ఇక దాని సేవ చూడాలి. గిన్నెలో నీళ్ళు పెడితే తాగదు. ఆకుల మీద బొట్లు నిలిస్తే నాలుకతో అందుకుంటుంది. అందుకని పొద్దున్నా సాయంత్రం సన్నటి జల్లు కొట్టాలి, మధ్యలో ఆకులు ఆరనివ్వాలి. గాలాడే వల పెట్టె, ఎక్కడానికి పుల్లలు, దాక్కోడానికి మనీప్లాంటు, మందార. తిండికి రెక్కల్లేని పండు ఈగలు, పసి కీచురాళ్ళు. దాని కళ్ళ మధ్య ఎడం కంటే పెద్ద పురుగు వెయ్యకూడదు, వేసే పురుగుకి కాల్షియం పొడి అద్దాలి. పైన అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం లేకపోతే ఆ కాల్షియం ఒంటబట్టక ఎముకలు వంగిపోతాయి. ఇంత చేసీ చేతిలోకి మాత్రం తీసుకోకూడదు. ముద్దు చేస్తే బెదిరిపోయి నల్లబడుతుంది.

ముట్టుకోకూడదని వాడు అనగానే నా మనసు కడియం నర్సరీలకి వెళ్ళిపోయింది. ఏం మొదలెట్టినా ఈయన కడియం చేరతాడని మీరనుకుంటారు, అనుకోండి. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి దారుల్లో తిరగని వారం నాకు వారం కాదు. అక్కడ ఒక నర్సరీలో షేడ్‌నెట్ కింద నల్ల కవర్లలో మందార కొమ్మలు వరసగా పెట్టి, పైన తుంపర వదులుతారు. ఒకసారి హైదరాబాదు నుంచి కారులో వచ్చిన పెద్దమనిషి ఒకాయన, వేరు పట్టిందో లేదో చూద్దామని కొమ్మని పైకి లాగబోయాడు. కవర్లు సర్దుతున్న ఆవిడ కసిరింది.

"ఆయ్, పీకి చూడకండి బాబూ! చూసినప్పుడల్లా చచ్చిపోద్దండి."

"మరి ఎలా తెలుస్తుందమ్మా?"

"చిగురు చెప్తాదండి."

ఆయన వెళ్ళాక చాలాసేపు ఆవిడ పని చూస్తూ కూర్చున్నాను. ఏ మొక్కనీ అనవసరంగా తాకదు. వరస చివర నిలబడి ఆకుల వాలు చూస్తుంది, కవరు అడుగున అరచెయ్యి వెనక్కి తిప్పి ఆనించి తడి చూస్తుంది, ఒక వరసకి తుంపర కట్టేస్తుంది. ఎండ తిరిగితే నెట్ జరుపుతుంది. మొక్కలు పెంచడం మీద నేను చదివిన పుస్తకాల్లో ఈ అరచెయ్యి వెనకభాగం లేదు.

మా వాడూ చూపుతోనే పని చేస్తున్నాడు. దాని కళ్ళు లోపలికి పోయినా, రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజరంగుకి తిరిగినా నీళ్ళు చాలడం లేదు. పగలు కళ్ళు మూసుకుంటే జబ్బు. ఊసరవెల్లి రంగు పరిసరాల్లో కలిసిపోవడానికే మారుతుందని మనం అనుకుంటాం. దాని మూడ్, ఒంటి వేడి తెలిపేదీ ఆ రంగే. చర్మంలోని సూక్ష్మ స్ఫటికాల ఎడం మారితే రంగు మారుతుందని 2015లో జెనీవా శాస్త్రవేత్తలు చూపించారు.

అయినా నా దగ్గర ఇంకో అస్త్రం ఉంది. ఏ పిల్లా ఒంటరిగా పెరగకూడదన్నది నా రెండో పంతం. వెతికితే సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ళ 2014 పరిశోధన దొరికింది. ఈ జాతి పిల్లల్నే విడివిడిగా పెంచితే అవి తోటివాటి ముందు బెరుగ్గా, మసకరంగుతో ఉన్నాయట, వేటలోనూ వెనకబడ్డాయట. ఉత్సాహంగా ఫోన్ చేశాను.

"అందుకే నేను అప్పుడే గుడ్డులోంచి వచ్చినదాన్ని కొనలేదు తాతయ్యా. మూడు నెలలు తోబుట్టువులతో పెరిగాకే ఇచ్చారు. ఇక ఇప్పుడు రెండోది కనిపిస్తేనే దీనికి బెదురు, అద్దంలో తన నీడ చూసినా కూడా."

రెండు పంతాలూ పోయాయి. ఆ పెట్టె ఉండాల్సిందే, దానిలో అది ఒక్కటే ఉండాల్సిందే.

ఇది చదివి మన కుర్రాళ్ళు ఊసరవెల్లి కోసం మెట్టలో జీడిమామిడి తోటల మీద పడకండి. మన దేశపు ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, పిల్లని తెచ్చి పెంచినా నేరమే. విషమని రాళ్ళేసి చంపేవాళ్ళకీ చెప్తున్నాను, దానికి విషం లేదు. కొమ్మ మీద ఊగుతూ నడుస్తుంటే ఎంతసేపైనా చూడండి.

వేసవికి మనవడు రాజమండ్రి వస్తానన్నాడు. మరి పూటపూటా జల్లు ఎవరు కొడతారురా అంటే, అల్లుడుగారికి ఇప్పట్నుంచే తర్ఫీదు ఇస్తున్నాడట. కీచురాళ్ళని ముట్టుకోవడమే ఇంకా కుదరడం లేదని మా అమ్మాయి రిపోర్టు.