గుడ్డముక్కల చిట్టా

గుడ్డముక్కలను అతికి చేసిన పైపొర, నడుమ దూదిపొర, కింద అడుగుపొర, ఈ మూడింటినీ కలిపి సన్నని కుట్టుతో బిగిస్తే తయారయ్యే దుప్పటిని అమెరికాలో క్విల్ట్ అంటారు. తెలుగునాట బొంత కూడా ఈ కోవలోనిదే. ఆ క్విల్టుల కోసం ఏళ్ల తరబడి కొని, కోసి, మడిచి దాచుకున్న బట్టల నిల్వకు అక్కడి కుట్టేవారు పెట్టుకున్న పేరు స్టాష్. ఆ నిల్వను ఒక క్రమంలో అమర్చడం, ఏ బట్ట ఎంత ఉందో, ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉంచడం చాలామందికి ఇల్లు సర్దుకునే చిల్లర పనిగా తోస్తుంది. అయితే ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలన్న నిర్ణయం బట్టల అలమర ముందే మొదలవుతుంది కనుక, అందులో ఏముందో ఎరగనివారు ఊహించుకున్న క్విల్టును వదిలి చేతికందిన క్విల్టునే కుట్టవలసి వస్తుంది. అందువల్ల బట్టను అమర్చడమూ దాని చిట్టా రాయడమూ కుట్టుపనిలో మొదటి అంకమనీ, సూదిపనికి దక్కే గౌరవమే వాటికీ దక్కాలనీ ఈ కాలమ్ ప్రతిపాదిస్తున్నది.

వెనకటి తరాలకు ఈ చిట్టా రాసుకోవలసిన అవసరం అంతగా రాలేదు, ఎందుకంటే వారి బట్ట ఇంటి జీవితంలోంచే వచ్చేది. 19వ శతాబ్దంలో సైతం క్విల్టు కోసమే దుకాణంలో బట్ట కొన్న కుటుంబాలు ఉన్నమాట నిజమే గాని, సామాన్య గృహాల్లో గౌనులూ చొక్కాలూ కుట్టగా మిగిలిన పీలికలు, చిరిగిన దుస్తుల్లో ఇంకా గట్టిగా ఉన్న భాగాలు ఒక సంచిలో చేరేవి, ఆ సంచిలోంచే క్విల్టు పుట్టేది. 20వ శతాబ్దం తొలి సగంలో, ముఖ్యంగా 1930లలో, కోళ్ల దాణా, పిండి నింపి అమ్మిన పూల అచ్చుల నూలు సంచులు ఈ నిల్వలో చేరాయి. వంద పౌన్ల సంచి కుట్లు విప్పితే గజానికి పైగా బట్ట దక్కేది, ఒక గౌనుకు సుమారు మూడు సంచులు పట్టేవి గనుక ఒకే అచ్చు ఉన్న సంచులు చూసి తెమ్మని ఆడవాళ్లు మగవాళ్లకు చెప్పి పంపేవారు. ఇలా వచ్చిన ప్రతి ముక్కా ఎవరి ఒంటి మీదిదో, ఏ ఏటిదో ఇంటిల్లిపాదికీ తెలుసు; జ్ఞాపకమే చిట్టాగా పనిచేసింది.

ఆ జ్ఞాపకం ఎంత విలువైనదో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే నల్లజాతి రైతుల పల్లె చూపిస్తుంది. ఆ ఊరి మిస్సూరి పెట్‌వే భర్త మరణించాక, 1942లో, ఆయన పొలం పనికి తొడుక్కున్న బట్టలనే ముక్కలుగా కోసి ఒక క్విల్టు కుట్టింది. వెలిసిన నీలం, గోధుమ, తెలుపు పట్టీల ఆ కూర్పును చూసినవారు అందులోని రూపసౌష్ఠవాన్ని మెచ్చుకుంటారు గాని, అది భర్తను తలచుకోవడానికి భార్య కుట్టిన దుప్పటి అన్న సంగతి బట్టలో ఎక్కడా రాసి లేదు. ఆమె కూతురు చెప్పినందువల్లనే అది లోకానికి తెలిసింది. చెప్పగలిగిన కూతురు లేని ఇళ్లలో ఇటువంటి కథలు ఎన్నో బట్టతో పాటే మౌనంగా మిగిలిపోయాయి. 1981లో మొదలైన కెంటకీ క్విల్ట్ ప్రాజెక్టు ఆ రాష్ట్రమంతటా ఇళ్లలో ఉన్న పాత క్విల్టులను పరిశీలించి నమోదు చేయడానికి పూనుకున్నది, ఆ బాటలో తక్కిన రాష్ట్రాలూ నడిచాయి. పేరూ తేదీ లేని క్విల్టుల కాలాన్ని అచ్చుల తీరునూ రంగులనూ బట్టి ఎలా నిర్ణయించవచ్చో బార్బరా బ్రాక్‌మన్ 1989లో వెలువడిన తన గ్రంథంలో వివరించింది. కుట్టినవారే ఒక్క వాక్యం రాసి ఉంటే ఇంత శ్రమలో సగం తప్పేది.

ఈలోగా నిల్వ స్వభావమే మారిపోయింది. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం అమెరికన్ క్విల్టులను చిత్రకళాఖండాల మాదిరిగా గోడలకు వేలాడదీసి ప్రదర్శించడం, 1976లో ఆ దేశపు స్వాతంత్ర్య ద్విశతాబ్ది ఉత్సవాల్లో పాత హస్తకళల మీద మక్కువ పెరగడం, 1979లో జపాన్‌కు చెందిన ఓల్ఫా కంపెనీ చక్రంలాంటి బ్లేడున్న రోటరీ కట్టర్‌ను తీసుకురావడం, ఈ మూడూ కలిసి క్విల్టు కుట్టడాన్ని కొత్తగా లక్షలాది మంది చేతుల్లో పెట్టాయి. వారి కోసమే ప్రత్యేకంగా నూలు బట్ట తయారై, దుకాణాల్లో తానుల కొద్దీ చేరింది. ఈ బట్టల అచ్చులు ఒక వరుసగా విడుదలై, సాధారణంగా ఒకసారి ముద్రించాక మళ్లీ ముద్రణకు రావు కాబట్టి, నచ్చినప్పుడే కొని దాచుకోవాలన్న ఆత్రం సహజంగా పెరిగింది. అలా కొన్న బట్టకు ఎవరి చొక్కా అన్న గుర్తు ఉండదు, ఇంట్లో ఎవరి జ్ఞాపకంలోనూ దానికి చోటు ఉండదు. జ్ఞాపకం చేసిన పనిని ఇప్పుడు రాత చేయవలసి వచ్చిందన్నదే ఈ విషయంలోని అసలు మలుపు.

రాతలో మొదట చేరవలసినది కొలత, అందులోనూ ముక్క ఆకారం. క్విల్టు బట్ట పన్నా, అంటే తాను వెడల్పు, సాధారణంగా 42 నుంచి 44 అంగుళాల దాకా ఉంటుంది. గజం పొడవును నాలుగు భాగాలు చేసి అడ్డంగా కోస్తే 9 అంగుళాల వెడల్పు, 44 అంగుళాల పొడవు గల సన్నని పీలిక వస్తుంది. అదే అర గజం బట్టను పన్నా మధ్యకు కోస్తే 18 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు గల ముక్క వస్తుంది, దీన్నే ఫ్యాట్ క్వార్టర్ అంటారు. రెండింటి వైశాల్యమూ ఒక్కటే అయినా, మొదటి దానిలోంచి 5 అంగుళాల చదరాలు 8 మాత్రమే తెగుతాయి, రెండో దానిలోంచి 12 తెగుతాయి. కనుక పుస్తకంలో పావు గజం అని మాత్రమే రాసుకున్నవారికి సగం సమాచారమే ఉన్నట్టు. అడుగుపొర లెక్క వేరు: 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు గల క్విల్టుకు చుట్టూ 4 అంగుళాల అదనం కలుపుకొని, రెండు పన్నాలను జోడిస్తే సుమారు 5 గజాల బట్ట కావాలి. కాబట్టి పెద్ద పొడవుల బట్టను విడిగా ఒక అరలో పెట్టి, విడిగా ఒక పుటలో రాయడం మేలు. లేకపోతే అడుగుపొరకు పనికివచ్చే బట్ట చిన్న చిన్న కోతలకే ఖర్చయిపోతుంది.

అమరికకు రంగు ఆధారం కావాలన్నది అందరికీ తోచే ఆలోచన, చూడటానికీ అది బాగుంటుంది. కానీ క్విల్టు రూపాన్ని నిలబెట్టేది రంగు కన్నా వెలుగు నీడల తేడా, అంటే పక్కపక్కన ఉన్న ముక్కల్లో ఒకటి ఎంత లేతగా, మరొకటి ఎంత ముదురుగా కనిపిస్తుందన్నది. లాగ్ క్యాబిన్ అనే ప్రసిద్ధమైన కూర్పులో నడుమ ఒక చిన్న చదరం పెట్టి, దాని చుట్టూ సన్నని పట్టీలు వరుసగా చేర్చి, రెండు వైపులా లేత పట్టీలు, తక్కిన రెండు వైపులా ముదురు పట్టీలు వచ్చేలా చూస్తారు. ఆ తేడా నిలబడితే పట్టీలన్నీ వేర్వేరు రంగులవైనా కూర్పు స్పష్టంగా తెలుస్తుంది, ఆ తేడా లేకపోతే ఎంత ఖరీదైన బట్ట పెట్టినా అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. అందుచేత ఒక్కొక్క రంగు అరలోనూ లేత, మధ్యమ, ముదురు అనే మూడు వరుసలు ఉండాలి. ఏది ఎందులోకి వస్తుందో సందేహమైతే ఫోనుతో నలుపు తెలుపు ఫోటో తీస్తే కన్ను రంగు ఆకర్షణ నుంచి బయటపడి సరైన చోటు చూపిస్తుంది. ఈ పద్ధతిలో సర్దినవారికి తమ నిల్వలోని లోటు కూడా తెలిసివస్తుంది: కంటికి ఇంపుగా ఉండే మధ్యమ అచ్చులే మోజుగా కొనడం మానవ స్వభావం గనుక చాలా అలమరల్లో అవి పొంగిపొర్లుతుంటాయి, కూర్పుకు ఊపిరి పోసే లేత బట్టలు మాత్రం కొరవడతాయి.

నూలు బట్టను పట్టు, పాలియెస్టర్ బట్టలతో కలిపి పెట్టకూడదు, ఎందుకంటే ఉతికినప్పుడు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా కుంచించుకుపోతుంది, ఇస్త్రీ వేడికి ఒక్కో తీరుగా స్పందిస్తుంది. ఏ పోగో తెలియని బట్టను గుర్తించడానికి ఒక దారప్పోగు కాల్చి చూడటం పాత పద్ధతి: నూలు కాగితం కాలిన వాసన వేస్తుంది, పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, పాలియెస్టర్ కరిగి గట్టి ఉండగా మారుతుంది. కుట్టకముందే బట్టను తడిపి ఆరవేయాలా వద్దా అన్నదానిపై కుట్టేవారిలో రెండు పక్షాలున్నాయి. ఏ పక్షం వారైనా తడిపిన బట్టనూ తడపని బట్టనూ ఒకే క్విల్టులో కలిపితే ఉతికాక అతుకుల దగ్గర ముడతలు తేలవచ్చు, ముదురు ఎరుపు వంటివి రంగు దిగి పక్క ముక్కలకు అంటుకోవచ్చు. కొందరు తడిపిన బట్ట మూలలను చిన్న త్రికోణాలుగా కత్తిరించి గుర్తు పెట్టుకుంటారు. రాత అక్కర్లేని ఈ గుర్తు అలమర తెరవగానే సమాధానం చెబుతుంది.

దాచే చోటు గురించి చెప్పుకోవలసింది క్లుప్తమే గాని కీలకం. ఎండ తగిలితే మడత అంచుల వెంబడి రంగు వెలిసిపోతుంది, చెక్క నుంచీ మామూలు అట్ట నుంచీ వెలువడే ఆమ్లం బట్టను పసుపు బారుస్తుంది, తడి ఆరకుండా మూత బిగించిన ప్లాస్టిక్ పెట్టెలో బూజు పడుతుంది, గంజి పెట్టి దాచిన బట్టకు పురుగులు చేరతాయి. అమెరికాలో చాలామంది కామిక్ పుస్తకాల వెనుక పెట్టే ఆమ్లరహితమైన అట్టకు బట్టను చుట్టి పుస్తకాల్లా నిలబెడతారు. ఈ పద్ధతిలో అడుగున ఉన్న బట్ట కోసం పైవన్నీ కదిలించనక్కరలేదు, మొత్తం నిల్వ ఒక్క చూపులో కనబడుతుంది. తెలుగు ఇళ్లలో కలరా ఉండలు వేయడం అలవాటే గాని, అవి బట్టకు నేరుగా తగలకుండా చూడాలి. ఏడాదికోసారి బట్టలన్నీ విప్పి, మడత గీతలు మార్చి మడిస్తే పోగులు ఒకే చోట తెగవు. చిట్టాను సరిచూసుకోవడానికీ అదే తగిన సందర్భం.

చిట్టా సంగతికి వస్తే, నోటు పుస్తకమైనా, కంప్యూటరులో గీసిన పట్టిక అయినా, ఫోనులోని ఫోటోలైనా పని జరుగుతుంది, ఎంచుకున్న పద్ధతి ఏదైనా అది బట్ట కోసిన రోజే మారాలి. ప్రతి బట్టకు అంగుళం ముక్క అతికించి, పక్కన పోగు, పన్నా, మిగిలిన పొడవు, తడిపినదీ లేనిదీ, ఏ అరలో ఉన్నదీ, ఎక్కడ ఎప్పుడు కొన్నదీ, లేదా ఎవరు ఇచ్చారన్నదీ రాయాలి. తాను అంచు మీద తయారీదారు పేరు, అచ్చు పేరు, ముద్రణలో వాడిన రంగుల చుక్కలు ఉంటాయి; ఆ అంచును కోసి పారేయకుండా చిట్టాలో అతికిస్తే, అదే అచ్చు మళ్లీ వెతుక్కోవలసి వచ్చినప్పుడు అంతకు మించిన ఆధారం దొరకదు.

చిన్న ముక్కను ఇంత శ్రద్ధగా దాచాలా అని అడిగేవారికి కోరమండల్ తీరం చరిత్ర సమాధానం చెబుతుంది. మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్లిన రంగుల అద్దకపు నూలు బట్టలకు యూరప్‌లో పేరు చింట్జ్. వాటి గిరాకీకి స్థానిక నేత దెబ్బతింటున్నదని ఫ్రాన్స్ 1686లో నిషేధం విధించి 1759 దాకా కొనసాగించింది, ఇంగ్లండ్ 1700, 1721 చట్టాలతో అరికట్టి 1774లో సడలించింది. అంతటి ప్రియమైన బట్టలో చిన్న ముక్కనూ వృథా చేయక, అందులోని పూలనూ పిట్టలనూ విడిగా కత్తిరించి సాదా తెల్ల బట్ట మీద అతికి కుట్టే పద్ధతి ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో బాగా నడిచింది. ఆ బట్టే మరో పాఠమూ నేర్పుతుంది: తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ ఊరబెట్టి తీసే కలంకారీ నలుపులో ఉన్నట్టే, ఇనుము కలిసిన రంగులు కాలం గడిచేకొద్దీ నూలు పోగులను తినేస్తాయి, అందుకే పాత క్విల్టుల్లో గోధుమ, నలుపు ముక్కలే ముందుగా చిరుగుతాయి. రంగు ఏ పద్ధతిలో వేసినదో రాసి ఉంచితే ఏ ముక్క ఎంతకాలం నిలుస్తుందో ముందే అంచనా వేయవచ్చు.

తెలుగు బొంతకు ఈ చర్చలో న్యాయమైన స్థానముంది. మెత్తబడిన చీరలూ పంచెలూ పొరలుగా పరచి కుట్టే బొంతలో అమ్మమ్మ చీర ఏదో, తాత పంచె ఏదో చెప్పగలిగిన పెద్దలు ఉన్నంత కాలమే ఆ సమాచారం బతుకుతుంది, ఆ తరం దాటిపోతే బొంత వట్టి పాత బట్టగా మిగిలి అటక ఎక్కుతుంది. అమెరికాలో క్విల్టు కుట్టడం నేర్చుకునే తెలుగువారికి ఇంటి నుంచి తెచ్చుకున్న మంగళగిరి, పోచంపల్లి చీరల ముక్కలూ, అక్కడి దుకాణంలో కొన్న కొత్త అచ్చులూ ఒకే అలమరలో చేరే అవకాశముంది. అందులో కొన్న బట్టకు కొలతలు రాస్తే సరిపోతుంది, చీర ముక్కకు మాత్రం కట్టుకున్నవారి పేరు, ఊరు, ఏ శుభకార్యానికి కొన్నదీ తప్పక రాయాలి. ఈ పని పెద్దలు ఉండగానే జరగాలి, వాయిదా వేయడానికి వీలున్నది కాదు.

చిట్టాలోని వివరం క్విల్టు పూర్తయ్యేనాటికి క్విల్టు మీదికే చేరాలి. అడుగుపొర మూలన ఒక చిన్న తెల్ల గుడ్డ కుట్టి, దాని మీద చెరగని సిరాతో కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం, ముఖ్యమైన బట్టల పుట్టుక రాయడం కొద్ది నిమిషాల పని. నోటు పుస్తకం పోవచ్చు, ఫోను మారవచ్చు, బట్ట మీది రాత మాత్రం బట్టతోనే తరాలు దాటుతుంది. బట్టలు దాచుకోవడాన్ని దురాశ అని తప్పుపట్టేవారికీ, ఎంత దాచినా చాలదనుకునేవారికీ చెప్పదగిన మాట ఒక్కటే: ఎంత బట్టకు లెక్క చెప్పగలరో అంత బట్ట ఇంట్లో ఉండటం సబబు, లెక్క చెప్పలేని బట్టను చెప్పగలిగిన చేతులకు ఇచ్చివేయడం ఇంకా సబబు.