‘పునరుత్థానం’లో లేచిందెవరు?

టాల్‌స్టాయ్ 1899లో వెలువరించిన ‘పునరుత్థానం’ నవలను మన పిల్లలు చదవాలి. అయితే జమీందారు నెఖ్లూదోవ్ కోసం కాదు, కత్యూష కోసం.

ఆమె తల్లి దొరసానుల ఎస్టేటులో పనిమనిషి, తండ్రి దారినపోయిన జిప్సీ. ఈస్టరు రాత్రి గుడి బయట, ముక్కు ఉండాల్సిన చోట ఎర్రటి పుండు పక్కుకట్టిన బిచ్చగాడు ఆమె దగ్గరికొస్తాడు. అసహ్యపడకుండా, అదే సంతోషంతో, పండుగ ఆచారం ప్రకారం అతణ్ని మూడుసార్లు ముద్దుపెట్టుకుంటుంది. క్రీస్తు లేచాడన్న మాట ఆ రాత్రి అందరి నోటా ఉంది. ఆమెలో అది నడతగా ఉంది. అదే గుడిలో ఆ మాట పలికిన నెఖ్లూదోవ్ పండుగ వెళ్లకముందే ఆమెను పాడుచేసి, వంద రూబుళ్లు కుక్కి పోతాడు.

ఏళ్ల తర్వాత పశ్చాత్తాపపడి పెళ్లాడతానంటాడు. నన్ను వాడుకుని నువ్వు తరించాలనుకుంటున్నావని ఆమె మొహంమీదే అంటుంది. నాకు నవలంతటిలో నచ్చిన చోటు అదే.

తన భూమిని తక్కువ కౌలుకిస్తానన్నా రైతులు అతణ్ని నమ్మరు, ఇందులో ఏదో మోసముందంటారు. కాగితం మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న ఏజెన్సీ ఇళ్లలో పెరిగినవాళ్లకి, 1/70 చట్టం ఎందుకొచ్చిందో తెలిసినవాళ్లకి, ఆ అనుమానం విడమర్చి చెప్పక్కర్లేదు. టాల్‌స్టాయ్ దాన్ని వెక్కిరించలేదు.

చివర్లో మత్తయి సువార్త చదివి నెఖ్లూదోవ్ పొందే వెలుగు మాత్రం ప్రసంగంలా ఉంది, కథలా లేదు.

క్రీస్తు దేహంతో లేచాడని టాల్‌స్టాయ్ నమ్మలేదు. 1901లో రష్యన్ ఆర్థడాక్సు చర్చి అతణ్ని వెలివేసింది కూడా. అయినా ఈ నవల మీద వచ్చిన డబ్బు, తుపాకి పట్టమన్నందుకు హింసలుపడ్డ దుఖొబోర్ విశ్వాసులను కెనడా చేర్చడానికి ఖర్చయింది.